తెలిసిన పాఠాన్నే మళ్ళీ నేర్చుకుందాం

సమస్త లోకాలను సృష్టించి, పోషిస్తూ, మన ప్రతి శ్వాసనూ ఎరిగి ఉన్న అల్లాహ్‌కు వేనవేల కృతజ్ఞతలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక!



మన మసీదుల్లో సాయంత్రం వేళ చిన్నారులు ఖాయిదా ముందు పెట్టుకుని అక్షరాలు వల్లెవేస్తుంటారు. అలిఫ్, బా, తా అంటూ వారి గొంతులు మసీదంతా నిండిపోతాయి. మనం ఆ పక్కనుంచే నడిచివెళ్ళి వుజూ చేసుకుని సఫ్‌లో నిలబడతాం. ఆ పాఠం పిల్లలదనీ, మనం దాన్ని ఏనాడో దాటి వచ్చామనీ మన నమ్మకం. ఆ పాఠాన్ని మనం నిజంగానే దాటి వచ్చామా? పదేళ్ళ వయసులో నేర్చుకున్న ఫాతిహాను యాభై ఏళ్ళ వయసులో ఎవరికైనా ఒక్కసారి వినిపించి సరిచూసుకున్నామా? నేటి ఖుత్బాలో ఈ విషయాన్నే ఆలోచిద్దాం.

విశ్వాసులకే విశ్వసించమని ఆజ్ఞ

ధర్మంలో పునాది పాఠాలు ఒకసారి చదివి మూసివేసే పుస్తకం వంటివి కావు. దివ్య ఖుర్ఆన్‌లోని 4వ సూరహ్ అన్నిసా 136వ ఆయతును గమనించండి. అందులో అల్లాహ్ విశ్వాసులనే సంబోధించి, అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను, ఆయన గ్రంథాన్ని విశ్వసించమని ఆజ్ఞాపిస్తున్నాడు. ఇదివరకే విశ్వసించినవారికి మళ్ళీ ఈ ఆజ్ఞ ఎందుకు? ఉన్న విశ్వాసంపై స్థిరంగా నిలవండి, దాన్ని పరిపూర్ణం చేసుకోండి, దానిలోనే కొనసాగండి అన్నది ఇందులోని భావమని వ్యాఖ్యాతలు వివరించారు.

సూరహ్ ఫాతిహాలో మనం అర్థించేది కూడా ఇటువంటిదే. నమాజులో నిలబడినవాడు అప్పటికే ముస్లిం. అప్పటికే ఖిబ్లా వైపు ముఖం తిప్పి, తన ప్రభువు ముందు చేతులు కట్టుకున్నాడు. అయినా ప్రతి రకాతులోనూ తనకు రుజుమార్గం చూపించమని వేడుకుంటాడు. నిన్న దొరికిన మార్గం రేపటికి కూడా మన చేతిలోనే ఉంటుందన్న హామీ ఎవరికీ లేదు. అందుకే దాన్ని రోజూ కొత్తగా అడగవలసిన అవసరం ప్రతి దాసునికీ ఉంది.

జిబ్రీల్ (అలైహిస్సలాం) వచ్చి అడిగిన ప్రశ్నలు గుర్తుచేసుకోండి. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు మనలో చాలామందికి తెలిసినదే. తెల్లని దుస్తులు, నల్లని జుట్టు గల ఒక అపరిచితుడు వచ్చి దైవప్రవక్త (స) ముందు మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు. ఇస్లాం అంటే ఏమిటి, ఈమాన్ అంటే ఏమిటి, ఇహ్‌సాన్ అంటే ఏమిటి అని అడిగాడు. ఆ సభలో ఉన్నవారు ఇస్లాం కోసం ఇల్లూ వాకిలీ విడిచినవారు, యుద్ధభూమిలో నిలిచినవారు. వారందరి ఎదుట ఆకాశం నుంచి వచ్చిన దూత అడిగినవి మక్తబ్‌లో మొదటిరోజు చెప్పే పాఠాలే. ఆయన వెళ్ళిపోయాక, ఆ వచ్చినవారు జిబ్రీల్ అనీ, మీ ధర్మాన్ని మీకు నేర్పడానికి వచ్చారనీ దైవప్రవక్త (స) తెలియజేశారు. హజ్రత్ ఉమర్ (రజి) వంటివారికి ఆ పాఠం మళ్ళీ వినిపించడం అవసరమైనప్పుడు, మనకు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

నలభై ఏళ్ళ నమాజు

తెలిసిన పాఠం ఎలా అరిగిపోతుంది? అలవాటు వల్ల, తొందర వల్ల. ఏ పని అయినా రోజూ చేయగా చేయగా మనసుతో పని లేకుండానే జరిగిపోతుంది. కాళ్ళు వాటంతట అవే వంగుతాయి, నాలుక దానంతట అదే కదులుతుంది. అప్పుడు దొర్లే చిన్న లోపం మన కంటపడదు. అది ఏళ్ళ తరబడి మనతోనే ఉండి, చివరికి మన నమాజులో ఒక భాగమైపోతుంది.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించగా బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో నమోదైన ఒక సంఘటన ఉంది. ఒక వ్యక్తి మసీదులోకి వచ్చి నమాజు చేసి, దైవప్రవక్త (స)కు సలాం చేశాడు. ఆయన సలాంకు బదులిచ్చి, నీ నమాజు నెరవేరలేదు, వెళ్ళి మళ్ళీ చేయమన్నారు. అతను మళ్ళీ చేసి వచ్చాడు. మళ్ళీ అదే మాట. ఇలా మూడుసార్లు జరిగింది. చివరికి అతను, ఇంతకంటే బాగా చేయడం తనకు చేతకాదనీ, నేర్పించమనీ కోరాడు. అప్పుడు దైవప్రవక్త (స) తక్బీర్ మొదలుకొని ఒక్కొక్కటే వివరించారు. రుకూలో శరీరం నిలకడ పొందేవరకు ఆగాలి. లేచి నిటారుగా నిలబడాలి. సజ్దాలో నిలకడ పొందాలి. రెండు సజ్దాల మధ్య నెమ్మదిగా కూర్చోవాలి. ఇలాగే నమాజంతా పూర్తి చేయాలి.

ఈ సంఘటనలో మనకు గొప్ప ఊరట కూడా ఉంది. దైవప్రవక్త (స) ఆ వ్యక్తితో అప్పటి నమాజునే మళ్ళీ చేయించారు. అంతకుముందు గడిచిన నమాజుల లెక్క అడిగినట్లు ఆ హదీసులో లేదు. తెలియక జరిగినదాన్ని తలచుకుని కుంగిపోకుండా, తెలిసిన క్షణం నుంచి సరిదిద్దుకోవడమే దాసుని పని. తన విషయంలో సందేహం ఉన్నవారు పండితులను అడిగి తెలుసుకోవాలి.

హజ్రత్ హుజైఫా (రజి) ఒకరోజు రుకూ, సజ్దాలు పూర్తిగా చేయని వ్యక్తిని చూశారు. ఎంతకాలంగా ఇలా నమాజు చేస్తున్నావని అడిగారు. నలభై ఏళ్ళుగా అని అతను జవాబిచ్చినట్లు నసాయీ గ్రంథంలోని ఉల్లేఖనంలో ఉంది. నువ్వు నమాజు చేయనేలేదనీ, ఇదే స్థితిలో మరణిస్తే దైవప్రవక్త (స) పద్ధతికి భిన్నంగా మరణించినవాడివవుతావనీ ఆయన హెచ్చరించారు. సోదరులారా, నలభై ఏళ్ళు! చలిలో లేచాడు, ఎండలో నడిచాడు, పని మానుకుని వచ్చాడు. రుకూలో మరో రెండు క్షణాలు ఆగకపోవడం వల్ల ఆ శ్రమంతా ప్రమాదంలో పడింది. ఆ నలభై ఏళ్ళలో ఎవరైనా ఒకరు ప్రేమగా చెప్పి ఉంటే, లేక అతనే ఒకసారి వెళ్ళి అడిగి ఉంటే ఎంత బాగుండేది!

వుజూ నుంచే మొదలుపెడదాం

నమాజుకు తాళంచెవి వుజూ. ఒక ప్రయాణంలో అస్ర్ నమాజు వేళ మించిపోతుండగా సహచరులు హడావిడిగా వుజూ చేస్తూ, పాదాలను తడిచేతితో తుడుచుకోసాగారు. వెనుకనుంచి వచ్చిన దైవప్రవక్త (స) అది చూసి, తడవని మడమలకు నరకాగ్ని ముప్పు ఉందని గొంతెత్తి రెండుమూడుసార్లు హెచ్చరించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఈ విషయాన్ని ఉల్లేఖించారు. వారు సోమరులు కారు, నమాజును నిర్లక్ష్యం చేసినవారు అంతకన్నా కారు. కేవలం తొందరపడ్డారు.

మన కొళాయిల దగ్గర కూడా ఇదే జరుగుతుంది. ఇకామత్ వినిపించగానే చేతులు వేగం పుంజుకుంటాయి. మోచేతుల వెనుకభాగం, మడమలు, కాలివేళ్ళ సందులు పొడిగా మిగిలిపోతాయి. వేలికి పట్టిన ఉంగరం కింద నీరు చేరదు. పెయింటు పని చేసేవారి చేతులపై రంగు, రొట్టెలు చేసే తల్లుల గోళ్ళలో పిండి ఆరిపోయి నీటిని అడ్డుకుంటాయి. ఈ వారం ఒక్కసారి తీరికగా కూర్చుని, కొత్తగా నేర్చుకునేవాడిలా ఒక్కొక్క అవయవాన్నీ చూసుకుంటూ వుజూ చేద్దాం. అయితే నీటిని వృథా చేయకూడదు. జాగ్రత్త చూపవలసింది చేతిలో, కొళాయి ధారలో కాదు.

ఏడు ఆయతులు, ఒక జీవితకాలం

సూరహ్ ఫాతిహాలో ఉన్నవి 7 ఆయతులు. ఐదు పూటల ఫర్జ్ నమాజుల్లో ఉన్నవి 17 రకాతులు. ఇమామ్ వెనుక పఠించే విషయంలో ఫిఖ్ పండితుల మధ్య భేదాలున్నాయి. అయినా స్వయంగా పఠించడం, వినడం కలిపి చూస్తే ఫర్జ్‌లలోనే ఏడాదికి 6 వేలసార్లకు పైగా, నలభై ఏళ్ళలో 2 లక్షల 40 వేలసార్లకు పైగా ఈ సూరహ్‌తో మనకు సంబంధం ఏర్పడుతుంది. ఇన్నిసార్లు పలికే పలుకును సరిగ్గా పలకడానికి కొన్ని సాయంత్రాలు కేటాయించడం భారమవుతుందా?

మన నాలుకకు ఉన్న అలవాట్లను తెలుసుకుంటే దిద్దుకోవడం తేలిక. తెలుగు నాలుక పదాన్ని అచ్చుతో ముగించడానికి ఇష్టపడుతుంది. బస్సు, కారు అన్నట్లే అక్బర్‌ను అక్బరు అనేస్తుంది. ఖుర్ఆన్ పఠనంలో ఒక్క ఉకారం కూడా అర్థాన్ని మార్చగలదు. ఫాతిహా చివరి ఆయతులోని ‘అన్‌అమ్‌త’ అంటే నీవు అనుగ్రహించావని అర్థం. దాన్నే ‘అన్‌అమ్‌తు’ అంటే నేను అనుగ్రహించానని అర్థం వస్తుంది. దేవుని అనుగ్రహాన్ని దాసుడు తనకు ఆపాదించుకున్నట్లవుతుంది. తక్బీర్‌లో ‘అక్బర్’లోని బకారాన్ని సాగదీసి ‘అక్బార్’ అనకూడదని ఫిఖ్ గ్రంథాలు హెచ్చరిస్తాయి. ఎందుకంటే ఆ రూపానికి అరబీలో డప్పులు అనే అర్థం ఉంది.

దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో మరో అలవాటు ఉంది. నాలుక మూలం అంగుటిని తాకగా పుట్టే ‘ఖాఫ్’, గొంతు పైభాగం నుంచి రాపిడితో వెలువడే ‘ఖా’ అరబీలో రెండు వేర్వేరు అక్షరాలు. దక్కనీలో ఇవి ఒకే ధ్వనిగా కలిసిపోయాయి. తెలుగు లిపిలో రెండింటినీ ‘ఖ’ అనే రాస్తాం. కనుక ‘ముస్తఖీమ్’ అని తెలుగులో చదివినవారికి అక్కడ ఉన్నది ఏ అక్షరమో తెలియదు. అలాగే ‘అల్‌హమ్దు’లోని హా, ‘ఆలమీన్’లోని ఐన్ గొంతు మధ్యభాగం నుంచి రావాలి. వీటికి సరిపడే అక్షరాలు మన లిపిలో లేవు. ‘సిరాత్’లో మొదటిది సీన్ కాదు, సాద్. హృదయం అనే అర్థమిచ్చే ‘ఖల్బ్’ను కాఫ్‌తో పలికితే కుక్క అనే అర్థం వస్తుందని మక్తబ్‌లో ఉస్తాద్‌లు చెప్పే ఉదాహరణ మనం విన్నదే.

తెలుగు లిపిలో అచ్చయిన సూరహ్‌లు ఎందరికో నమాజు నేర్పాయి. తెలుగే ఇంటి భాషగా గల కుటుంబాలకు, కొత్తగా ఇస్లాం స్వీకరించినవారికి అవి తొలి ఆసరా. దీర్ఘాలనూ హ్రస్వాలనూ మన లిపి చక్కగా చూపగలదు. అయితే గొంతు చేసే పనిని ఏ లిపీ కాగితంపై చూపలేదు. దాన్ని ఒక నోటి నుంచి విని, మరొక నోటితో పలికి, సరిదిద్దించుకోవలసిందే. ఈ గ్రంథం జిబ్రీల్ (అలైహిస్సలాం) నుంచి దైవప్రవక్త (స)కు, ఆయన నుంచి సహచరులకు, తరతరాలుగా మనకు చేరింది ఈ విధంగానే.

ఇక్కడ మన ఇళ్ళలోని తల్లుల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పురుషులు ఫజ్ర్, మగ్రిబ్, ఇషా నమాజుల్లో ఇమామ్ పఠనాన్ని బిగ్గరగా వింటారు. తమ పఠనాన్ని దానితో పోల్చుకునే అవకాశం వారికి ఉంది. ఇంటిలో ఒంటరిగా నమాజు చేసే తల్లి ఫాతిహాను, ఆమె బాల్యం తర్వాత, వినిపించుకున్నవారు ఎవరూ లేకపోవచ్చు. ఆమె నేర్చుకోవాలనుకున్నా అడగడానికి మనిషి లేడు. కుమారులారా, కుమార్తెలారా! మీకు వచ్చిన నాలుగు అక్షరాలను ఆమె పక్కన కూర్చుని గౌరవంగా పంచుకోండి. మసీదు కమిటీల పెద్దలారా! స్త్రీల కోసం బాగా చదువుకున్న ఒక బోధకురాలిని ఏర్పాటు చేయడం మీ బాధ్యతల్లో ఒకటిగా భావించండి.

ఈ మాటలు విని ఎవరూ భయపడవద్దు. ప్రయత్నించినా నాలుక తిరగని వృద్ధులను అల్లాహ్ వారి శక్తికి మించి ప్రశ్నించడు. తడబడుతూ, కష్టపడుతూ ఖుర్ఆన్ పఠించేవారికి రెండు పుణ్యఫలాలు ఉన్నాయని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. ప్రతి అక్షరాన్నీ అనుమానించి నమాజును మళ్ళీమళ్ళీ తెంచుకోవడం వస్‌వసా. అది షైతాన్ వేసే ఉచ్చు. నమాజు వెలుపల నేర్చుకుందాం, నమాజులో నిశ్చింతగా నిలబడదాం.

సిగ్గు అనే గోడ

తమ పఠనంలో లోపం ఉందని చాలామందికి లోలోపల తెలుసు. అయినా అడుగు ముందుకు పడదు. గడ్డం నెరిశాక పిల్లల మధ్య కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు? ఇన్నాళ్ళూ ఏం చదివావని అడిగితే ఏం చెప్పాలి? ఈ సిగ్గే గోడలా అడ్డు నిలుస్తుంది.

హజ్రత్ అబూబక్ర్ (రజి)ను చూడండి. ప్రవక్తల తర్వాత ఈ సముదాయంలో ఆయనకు మించినవారు లేరు. అటువంటి వ్యక్తి, తన నమాజులో చేసుకోవడానికి ఒక దుఆ నేర్పించమని దైవప్రవక్త (స)ను అడిగారు. అడగడం వల్ల ఆయన గౌరవం తగ్గలేదు. ఆయన అడిగినందువల్లే ఆ దుఆ నేటికీ మనం తషహ్హుద్ తర్వాత చదువుకుంటున్నాం. ధర్మాన్ని నేర్చుకునే విషయంలో సిగ్గు అన్సార్ స్త్రీలకు అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని ప్రశంసించారు. షాఫయీ పండితుల్లో అగ్రగణ్యులైన అల్ ఖఫ్ఫాల్ అల్ మర్వజీ తాళాలు చేసే వృత్తిలో ఉండి, ముప్పై ఏళ్ళ వయసులో విద్యాభ్యాసం మొదలుపెట్టారు. 

తీరిక లేదనేవారికి హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలో జవాబు ఉంది. ఆయనా, ఆయన అన్సారీ పొరుగువారూ మదీనా శివార్లలో నివసించేవారు. ఒకరోజు ఒకరు పనులు చూసుకుంటే మరొకరు దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి, అక్కడ విన్నదంతా సాయంత్రం వచ్చి రెండోవారికి చెప్పేవారు. బతుకుతెరువు ఆగలేదు, చదువూ ఆగలేదు.

నేర్పేవారికి కూడా ఒక మాట. హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) తెలియక నమాజులోనే మాట్లాడారు. చుట్టూ ఉన్నవారు ఆయనను కోపంగా చూశారు. దైవప్రవక్త (స) మాత్రం ఆయనను కసరలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నమాజు ముగిశాక మృదువుగా బోధించారు. అంత మంచి బోధకుణ్ణి తాను ఎన్నడూ చూడలేదని ఆయన చెప్పారు. పక్కవాడి సజ్దాలో లోపం కనిపిస్తే నలుగురిలో వేలెత్తి చూపకండి. ఒంటరిగా కలిసి, తమ్ముడికి అన్న చెప్పినట్లు చెప్పండి. ఈ రోజు విన్నదాన్ని ఇతరులను కొలవడానికి కొలబద్దగా కాక, మనల్ని మనం చూసుకోవడానికి అద్దంగా వాడుకుందాం.

నాలుగు వారాల సంకల్పం

నిలకడగా చేసే పని కొద్దిదైనా అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమని దైవప్రవక్త (స) బోధించారు. కనుక రోజుకు పది నిమిషాలు చాలు. మొదటి వారం వుజూను సరిచూసుకుందాం. రెండవ వారం ఇమామ్ గారి ముందు కూర్చుని ఫాతిహాను ఒక్కొక్క ఆయతుగా వినిపిద్దాం. మూడవ వారం రుకూ, సజ్దాలపై దృష్టి పెడదాం. నుదురు, ముక్కుతో పాటు రెండు అరచేతులు, రెండు మోకాళ్ళు, రెండు పాదాల వేళ్ళు నేలను తాకుతున్నాయా? రుకూ నుంచి లేచాక వీపు నిటారుగా నిలుస్తోందా? నాలుగవ వారం మనం పలికేవాటి అర్థాలు నేర్చుకుందాం. రుకూలో, సజ్దాలో పలికే తస్బీహ్‌లకు తెలుగులో భావం తెలిస్తే, అంతవరకు పెదవులపై ఉన్న మాట గుండెలోకి దిగుతుంది.

ఆ తర్వాత ఏడాదికి ఒకసారి, రమజాన్‌కు ముందు షాబాన్ నెలలో, ఈ నాలుగు వారాలను మళ్ళీ పాటిద్దాం. జిబ్రీల్ (అలైహిస్సలాం) ప్రతి రమజాన్‌లోనూ దైవప్రవక్త (స)తో కలిసి ఖుర్ఆన్‌ను పునశ్చరణ చేసేవారు. చివరి ఏడాది రెండుసార్లు చేశారు. ఎవరి హృదయంపై ఈ గ్రంథం అవతరించిందో వారే దాన్ని మళ్ళీమళ్ళీ వినిపించి సరిచూసుకున్నారు. కట్టు వదులైతే ఒంటె పారిపోయినట్లు, పట్టించుకోకపోతే ఖుర్ఆన్ కూడా జ్ఞాపకం నుంచి జారిపోతుందని ఆయన మనల్ని హెచ్చరించారు.

ఇమామ్ గారి పది నిమిషాలకు విలువ ఇవ్వడం కూడా మరువవద్దు. నేర్పేవారిని గౌరవించడం, వారి అవసరాలను తెలుసుకోవడం నేర్చుకునేవారి మర్యాద.

చివరగా ఒక హెచ్చరిక. అక్షరం సరిదిద్దుకుని తూకంలో మోసం చేస్తే ఆ చదువు మనకు సాక్ష్యంగా కాక మనకు వ్యతిరేకంగా నిలుస్తుంది. జిబ్రీల్ (అలైహిస్సలాం) అడిగిన మూడవ ప్రశ్న ఇహ్‌సాన్. అల్లాహ్ మనల్ని చూస్తున్నాడన్న స్పృహతో ఆరాధించడమే దాని సారం. సజ్దాలో ఉన్నప్పుడు చూస్తున్న ప్రభువు, దుకాణంలో త్రాసు పట్టుకున్నప్పుడూ, ఇంట్లో భార్యాపిల్లలతో మాట్లాడుతున్నప్పుడూ చూస్తూనే ఉంటాడు. బాల్యంలో మనకు చెప్పిన మొట్టమొదటి పాఠం ఇదే. మనిషి అందరికంటే ముందుగా మరిచిపోయేదీ ఇదే.

ప్రళయదినాన దాసుని ఆచరణల్లో మొదట లెక్క తీసుకునేది నమాజు గురించే. ఆ రోజు సరిదిద్దుకుంటామని వేడుకున్నా అవకాశం ఉండదు. ఈ రోజు ఆ అవకాశం ఉంది. ఇమామ్ గారు ఇక్కడే ఉన్నారు, ఖాయిదా అలమరలో ఉంది, మన నాలుక ఇంకా కదులుతోంది.

ఓ అల్లాహ్! మా హృదయాల్లో ఈమాన్‌ను నిత్యనూతనం చేయి. మా వుజూను, మా పఠనాన్ని, మా రుకూ సజ్దాలను సరిదిద్దుకునే సద్బుద్ధిని ప్రసాదించు. తెలియక జరిగిన లోపాలను క్షమించు. మాకు తొలి అక్షరం నేర్పిన తల్లిదండ్రులను, ఉస్తాద్‌లను కరుణించు. చివరి శ్వాస వరకు మమ్మల్ని నేర్చుకునేవారిగానే ఉంచు. ఆమీన్.